లోపం కనపడలేదు

ఆ మంగళవారం తెల్లారేసరికి ఆకాశం నేలమీదికి దిగి కూచుంది. మబ్బు అనడానికి లేదు, మంచు అనడానికీ లేదు. తడిపిన గోనెపట్టా పరిచినట్టు స్కార్బీ విమాన మైదానం మొత్తం మీద ఒకటే బూడిదరంగు. తూర్పున సముద్రం వైపు మాత్రం చెయ్యంత వెడల్పు సందు ఒకటి తెరుచుకుని, అందులోంచి పాలిపోయిన వెలుతురు బీటుదుంప చేలమీద పడుతోంది. ఎనాక్ డౌస్ ఆ సందు వంక చూసి, మధ్యాహ్నానికల్లా ఇది విడిపోతుందనుకున్నాడు. విడిపోతే రాత్రికి మళ్లీ విమానాలు లేస్తాయి. ఇరవై రెండేళ్లు కోతల కాలంలో మబ్బుని తిట్టుకుంటూ బతికిన మనిషి, ఈ పొద్దు మాత్రం అది కదలకుండా ఉంటే బాగుండుననుకున్నాడు.

పోయిన వారం కథలో మనం ఎనాక్‌ని వదిలింది విమానం నిలిపే ఈ సిమెంటు చప్టా మీదే, చెవులు రిక్కించుకుని నిలబడి ఉండగా. సోమవారం సాయంత్రం లేచిన పదహారు బాంబర్లలో మెకానిక్కుగా అతను చూసుకునే విమానం ఒక్కటీ రెండు గంటల్లోనే వెనక్కి వచ్చేసింది. బాంబులు సముద్రంలో వదిలేసి వచ్చింది. నడిపిన కుర్రాడు హ్యూ పాస్కో, ఇరవై రెండేళ్లవాడు, కుడివైపు లోపలి ఇంజన్ వేడెక్కిందని చెప్పాడు. మిగతా ఆరుగురూ అతని వెనకే లారీ ఎక్కారు. పాస్కో ఇలా మధ్యలోంచి తిరిగి రావడం మూడు వారాల్లో రెండోసారి.

వెనక్కొచ్చిన విమానంలో తప్పు ఇనుముదైనా అయ్యుండాలి, మనిషిదైనా అయ్యుండాలి. స్కార్బీలో మూడో మాట లేదు. ఇంజన్ చూసుకునే మెకానిక్కే మర్నాడు పొద్దున దాన్ని విప్పి, పదకొండింటిలోగా ఫారం మీద ఒక ముక్క రాసివ్వాలి. లోపం ఇదీ అని రాస్తే పైలటు గట్టెక్కాడు. లోపం కనపడలేదు అని రాస్తే పన్నెండింటికి వింగ్ కమాండర్ గదిలోకి పిలుపొస్తుంది. చొక్కా మీది రెక్కల గుర్తు బ్లేడుతో కోసేస్తారు. కాగితాల మీద గుండె చాలనివాడని ముద్ర కొట్టి, సాయంత్రం రైలుకి పంపేస్తారు. ఆకురాలు కాలంలో ఒకతన్ని అలాగే పంపారు. రెండ్రోజుల దాకా అతని పక్క దుప్పట్లు కూడా ఎవరూ ముట్టుకోలేదు, అంటుకుంటుందేమో అన్నట్టు.

ఏడింటికి ఇంజనీరింగ్ ఆఫీసర్ గార్‌ఫోర్త్ స్వయంగా వచ్చి, పైలటు సీట్లో కూచుని, నాలుగు ఇంజన్లూ నడిపి చూశాడు. కుడి లోపలిదాన్ని పావుగంట నడిపాడు. వేడి చూపే ముల్లు ఉండాల్సిన చోటే ఉంది. ఆయన దిగి, చేతి తొడుగులు తీసుకుంటూ, “పదకొండుకల్లా, కార్పొరల్,” అని ఎనాక్‌తో ఆ ఒక్క మాటా అని వెళ్లిపోయాడు.

పెర్సీ టక్ ఆయన కారు మలుపు తిరిగే దాకా ఆగాడు. రెక్కలూ చక్రాలూ అతని పని. లండన్ వాడు, నోరు ఊరుకోదు.

“నాలుగూ నాలుగు పిల్లుల్లా గుర్రుమంటున్నాయి గురూ. వేడెక్కింది ఇంజన్ కాదు, మనోడి బుర్రే.”

“పిల్లి గుర్రుమంటూనే గీరుతుంది,” అన్నాడు ఎనాక్. అని పెర్సీని కొత్త టైరు కోసం స్టోర్స్‌కి తోలేశాడు. వెతికేటప్పుడు పక్కన మాట వినపడితే అతని చేతులు పనిచెయ్యవు.

యుద్ధానికి ముందు ఎనాక్ ఊరూరూ తిరిగే నూర్పిడి యంత్రం నడిపేవాడు. ఇప్పుడతనికి నలభై ఒకటో ఏడు నడుస్తోంది. ఆ యంత్రం కింద ఎవరి వేలూ నలగలేదు, ఎవరి గడ్డివామూ తగలబడలేదు. పక్క ఊళ్ల రైతులు ఎనాక్ కట్టిన బెల్టు అంటే మళ్లీ చెయ్యి పెట్టి చూసేవాళ్లు కాదు. అతను చెక్కమెట్ల స్టాండు జరుపుకుని, ఇంజన్ మూత రేకులు విప్పి, పైనుంచి కిందికి గొట్టం వెంట గొట్టం తడుముకుంటూ వచ్చాడు.

తొమ్మిది కావొస్తుండగా వేలికి తగిలింది.

ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, కూలెంటు, పోయే రబ్బరు గొట్టం దానికి కలిసేచోట ఒక పట్టీ ఉంటుంది. పట్టీ మర బిగించాక, అదురుకి సడలకుండా సన్నటి తీగతో మెలిపెట్టి కట్టాలి. తీగ లేదు. వేలితో తిప్పితే మర అరచుట్టు తిరిగింది. గొట్టం అడుగున ఒక చుక్క వేలాడుతోంది. తుడిచి వాసన చూశాడు. తియ్యటి వాసన, కూలెంటే.

ఆ గొట్టం మార్చింది తనే, నిన్న మధ్యాహ్నం. గాలి సముద్రం మీంచి కోసుకుంటూ వస్తోంది. వేళ్లు పుల్లల్లా బిగుసుకుపోతే, వేడి టీ తాగొచ్చి తీగ కడదామని దిగాడు. దిగేసరికి పెట్రోలు బండి వచ్చింది. దాని వెనకే బాంబుల బళ్లు వచ్చాయి. వాటి వెనక సంతకం కోసం ఫారం వచ్చింది. అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టాడు.

ముందు సిగ్గేసింది. సిగ్గు వెనకాలే, చెప్పుకుంటే బాగుండదు గానీ, ఊరట కూడా కలిగింది. తప్పు ఇనుముదే. అంటే తనది. కుర్రాడిది కాదు. చేతిమీది కార్పొరల్ చారలు పీకేస్తారు, పీకనీ. అతను కూలెంటు తొట్టి మూత తీసి పుల్ల పెట్టి చూశాడు. పావు మగ్గు తగ్గింది, అంతే. ఈ మాత్రం కారితే ముల్లు అంతంత ఎక్కుతుందా అని మనసులో ఏదో అడగబోయింది. దాన్ని నోరు మూసుకోమన్నాడు.

అప్పుడే పాస్కో సైకిలు మీద వచ్చాడు. వాళ్లది కార్న్‌వాల్, తండ్రి చేపల పడవ నడుపుతాడు. ఒక చెంప నున్నగా గీసుకుని ఉంది, రెండో చెంప మీద నిన్నటి గడ్డం అలాగే ఉంది. ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

“ఏమన్నా దొరికిందా?” అన్నాడు కిందనుంచి.

ఎనాక్ పక్కకి జరిగి మెట్టు మీద చోటిచ్చాడు. పాస్కో ఎక్కి చూశాడు.

“తీగ కట్టడం మర్చిపోయా. తప్పు నాదే. అదే రాస్తున్నా.”

పాస్కో ఆ పట్టీని చాలాసేపు చూశాడు. ప్రాణం లేచొచ్చిన మనిషి చూసే చూపు కాదది. వాకిట్లోకి వచ్చిన చుట్టాన్ని గుర్తుపట్టలేనట్టు చూశాడు.

“ముల్లు కదల్లేదు ఎనాక్,” అన్నాడు.

“ఏ ముల్లు?”

“వేడి ముల్లు. ఎప్పుడూ ఎక్కడుండాలో రాత్రీ అక్కడే ఉంది. ఇంజన్‌కి ఏమీ కాలేదు.”

ఎనాక్ చేతిలోని గుడ్డని మడిచి మెట్టు మీద పెట్టి, వినడానికి కూచున్నాడు. కుర్రాడు దిగి రెక్క కింద నిలబడి, ఎదురుగా ఉన్న చక్రంతో చెబుతున్నట్టు చెప్పాడు.

వాళ్ల జట్టులో తోక తుపాకీ దగ్గర కూచునే ఐవర్ జనవరిలో పోయాడు. అతన్ని తోకలోంచి కిందికి దించింది ఎనాక్, పెర్సీలే. అతని చోట్లోకి కెన్నెత్ స్లేటర్ అని కొత్తవాడు వచ్చాడు. నిన్న రాత్రి అవతలి ఒడ్డు కనపడే వేళకి, కింద తుపాకులు కూడా పెద్దగా పేలడం లేదట, పాస్కో మామూలుగా వెనక అంతా బాగుందా ఐవర్ అని అడిగాడు. బాగుంది స్కిప్ అని, జట్టు తమ పైలటుని పిలిచే పిలుపుతో, జవాబొచ్చింది. మీ అమ్మ కాలు నొప్పి ఎలా ఉందని అడిగాడు. ఆగి ఆగి, తగ్గింది స్కిప్ అన్న మాట వచ్చింది. తన తల్లికి కూడా అలాగే ఉండేదనీ, మంత్రసాని ఇచ్చిన పట్టు పనిచేసిందనీ చెప్పడం మొదలుపెట్టాడు పాస్కో. చేతులు విమానం నడిపే చక్రం మీదే ఉన్నాయి. తను ఎక్కడున్నాడో మాత్రం తెలీదు.

పక్కన ఇంజన్ల గేజీలు చూసే వాల్ట్ ఆస్పినాల్ ఒక్కసారి అతని మొహం వంక చూశాడు. చెయ్యి చాచి కుడి లోపలి ఇంజన్ ఆపేశాడు. తన పుస్తకంలో పెన్సిల్‌తో ముల్లు చూపని వేడి అంకెలు వేశాడు: నూట పద్దెనిమిది, నూట ఇరవై నాలుగు, నూట ముప్పై. అప్పుడు అందరికీ వినపడేటట్టు, “స్కిప్, కుడి లోపలిది వేడెక్కిపోయింది. ఇంటికి పోదాం,” అన్నాడు.

“లారీలో స్లేటర్‌ని అడిగా,” అన్నాడు పాస్కో. “ఐవర్ అంటే నువ్వెందుకు పలికావని. నాలుగు ట్రిప్పుల్నించీ మీరు నన్ను అలాగే పిలుస్తున్నారు స్కిప్, మీతో చెప్పడం బాగుండదని ఊరుకున్నా అన్నాడు.”

చేలమీది వెలుతురు కొంచెం ముందుకి జరిగింది. దూరంగా ఎవరో ఇంజన్ నడిపి ఆపారు.

డాక్టరుతో చెప్పలేదా అని అడిగాడు ఎనాక్. పోయిన వారమే వెళ్లానన్నాడు పాస్కో. నిద్ర పట్టడానికి మాత్రలిచ్చాడట. జట్టు ఎగరాల్సిన ముప్పై ట్రిప్పుల్లో ఇరవై అయిదు అయిపోయాయి, ఇంకా అయిదేగా, లాగెయ్యమన్నాడట.

“మీరు ఆ పట్టీ సంగతి రాయకండి. లోపం కనపడలేదని రాయండి. నన్ను దించేస్తారు, వీళ్లకి బుర్ర సరిగ్గా ఉన్నవాణ్ణి ఇస్తారు. ఆరుగురు, ఎనాక్.”

“వాల్ట్ వేసిన అంకెలో?”

“నేనే వెయ్యమన్నానంటా.”

“అంటే అతను ఊరుకుంటాడా?”

వాల్ట్ బర్న్‌లీలో బస్సుల షెడ్డులో పనిచేసి వచ్చినవాడు. మార్చిలో అతని భార్యకి నెలలు నిండుతాయి. తన స్నేహితుణ్ణి గదిలోకి తీసుకెళ్తుంటే బయట నిలబడి బూట్లు చూసుకునే రకం కాదు. లోపలికి వెళ్లి, ఇంజన్ ఆపింది నేనే అంటాడు. అప్పుడు ముద్ర ఒకరికి కాదు, ఇద్దరికి పడుతుంది.

ఎనాక్ ఆలోచించాడు. అతను ఆలోచిస్తున్నప్పుడు చూసేవాళ్లకి నిద్రపోతున్నాడనిపిస్తుంది.

“మీకు సెలవు గురువారం కదూ?”

“గురువారం నించి ఆరు రోజులు.”

“ఇంటికేనా?”

“ఇంటికే.”

“సరే అబ్బాయ్. నువ్వెళ్లి ఆ రెండో చెంప గీసుకో. నేను చూస్తా.”

పాస్కో చెంప తడుముకుని, తడిమిన చెయ్యి వంక చూసుకుని, సైకిలెక్కాడు.

ఎనాక్ ఫారం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. వానని ఆపడం ఎవరి తరమూ కాదు, వాన వెళ్లే దాకా పనలు పాకలో పెట్టుకోవడమే రైతు చెయ్యగలిగింది. గురువారం పొద్దున దాకా విమానం నేలమీద ఉంటే చాలు. ఆరు రోజులు తల్లి చేతి తిండి, తమ ఊరి గాలి. ఆమె కళ్లుండీ చూడకుండా ఉండదు. అక్కడ ఇంకో డాక్టరు ఉంటాడు. పెన్సిలు నాలికమీద తడిచేసుకుని, బడిలో నేర్చుకున్న గుండ్రటి అక్షరాలతో రాశాడు: కూలెంటు గొట్టం పట్టీకి తీగ కట్టలేదు. పట్టీ సడలింది. కూలెంటు కారింది. తప్పు నాది. ఇంజన్ లోపల మాడి ఉండవచ్చు. కొత్తది మార్చాలి. రెండు రోజుల పని.

చదువుకున్నాడు. ఏ ముక్కకి ఆ ముక్క నిజమే. అన్నీ కలిపితే మాత్రం అబద్ధం.

గార్‌ఫోర్త్ ఆఫీసరే గానీ, పెరిగింది రైలింజన్ల షెడ్డులో. టోపీ తీసి పక్కన పెడితే ఇంకా ఆ షెడ్డు మనిషే. తన ఆఫీసులో, ఎనాక్ తెచ్చిన ఫారం రెండుసార్లు చదివాడు. పక్క బల్ల దగ్గర గుమాస్తా టైపు కొట్టడం ఆపి మళ్లీ మొదలుపెట్టాడు.

“పావు మగ్గు కారితే నూట ముప్పై డిగ్రీలు,” అన్నాడు గార్‌ఫోర్త్.

“పైన గాలి పలచన సార్.”

“పైన గాలి పలచనని నువ్వు నాకు చెబుతున్నావు.”

ఎనాక్ గోడవైపు చూశాడు. గార్‌ఫోర్త్ ఎనాక్ వైపు చూశాడు. తరవాత కలం తీసి ఫారం అడుగున సంతకం పెట్టాడు. శిక్ష సంగతి శుక్రవారం చూద్దామన్నాడు, చారలు మిగుల్తాయని ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఇన్నేళ్లలో తీగ కట్టకుండా వదిలెయ్యడం ఇదే మొదలా అని అడిగాడు. మొదలేనన్నాడు ఎనాక్. ఆ మాట మటుకు పూర్తిగా నిజం.

గార్‌ఫోర్త్ వింగ్ కమాండర్‌కి ఫోన్ చేశాడు. ఎనాక్‌కి ఇటువైపు మాటలే వినపడ్డాయి. అవును సార్, నిజమైన లోపమే. కుర్రాడి తప్పేమీ లేదు. ఇంజన్ మార్చాలి సార్, రెండు రోజులు. ఆ తరవాత చాలాసేపు వినడం. కిటికీలోంచి నేలమీదికి ఎండ పడింది. పదకొండో చప్టా మీద క్యూ విమానం ఖాళీగానే ఉంది సార్. అలాగే సార్.

ఫోన్ పెట్టేసి, “పెద్దాయనకి సంతోషంగా ఉంది,” అన్నాడు. “పాస్కో నికరమైనవాడని ఆయన అంటూనే ఉన్నారట. ఈ రాత్రికి వాళ్లకి క్యూ ఇస్తున్నారు.”

క్యూ ఏ జట్టుదీ కాదు. సొంత విమానం మరమ్మతులో ఉన్నవాళ్లకి ఒక రాత్రికి అరువిచ్చేది. నలుగురి గొడ్డుని ఎవడూ కడగనట్టు, దాన్ని ప్రేమగా చూసుకునేవాడు లేడు. దాని సంగతి ఎనాక్‌కి గుర్తే రాలేదు. పనలన్నీ పాకలోకి చేర్చి ఊపిరి పీల్చుకుంటుంటే, పాకే అంటుకున్నట్టయింది.

“ఇంకేమన్నా ఉందా కార్పొరల్?”

ఒక్క మాట చాలు. ముల్లు కదల్లేదు సార్. ఆ మాట అంటే పాస్కో రెక్కలు పోతాయి, వాల్ట్ రెక్కలు పోతాయి. భోజనాల వేళకి ఆ గుమాస్తా దాన్ని మైదానమంతా చల్లేస్తాడు. అనకపోతే, చచ్చిపోయినవాడితో మాట్లాడుతున్న కుర్రాడి చేతుల్లో ఆరుగురు సముద్రం దాటుతారు. మాట గొంతు దాకా వచ్చింది. పుట్టినప్పట్నించీ అతనికి ఉన్న జబ్బే అది. కావలసిన మాట ఎప్పుడూ అక్కడే ఆగుతుంది. బయటికొచ్చింది వేరే మాట.

“క్యూ ఇంజన్లు నేను చూస్తా సార్. ఈ మధ్యాహ్నం.”

“దానికి మనుషులున్నారు.”

“వాళ్లు నా జట్టు సార్.”

“పొద్దున్న ఈ నిర్వాకం బయటపెట్టి, మధ్యాహ్నానికి ఇంకో నాలుగు ఇంజన్లు అడుగుతున్నావు.” గార్‌ఫోర్త్ కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. “సరే. వెళ్లు. నాలుగింటికి నేనొస్తా. ప్రతి తీగా నా చేత్తో లాగి చూస్తా.”

బయటికొచ్చేసరికి ఆకాశం పూర్తిగా విడిపోయింది. ఇంత నీలం ఫిబ్రవరిలో చూసి ఎన్నాళ్లయిందో. ఎనాక్ మైదానం అంచు పట్టుకుని నడుస్తూ, క్యూ ఇంజన్లని ఎందుకు అడిగానా అని తనని తానే ప్రశ్నించుకున్నాడు. కంచె దగ్గరికి వచ్చేసరికి జవాబు తెలిసింది. తెలిసి అక్కడే ఆగిపోయాడు.

విమానాన్ని కావాలని చెడగొట్టినవాణ్ణి మర్చిపోయినవాణ్ణి చూసినట్టు చూడరు. యుద్ధంలో దానికి పేరు వేరే, శిక్ష వేరే. అది కూడా కాదు అతన్ని ఆపింది. చెడగొట్టడం పెద్ద విద్య కాదు, ఏ వెధవైనా చేస్తాడు. కానీ ఇది నాలుగింటికి గార్‌ఫోర్త్ కంటికి ఆనకూడదు. విమానం లేవడానికి పరుగు తియ్యబోయే ముందు, నేలమీదే, ఖచ్చితంగా బయటపడాలి. పొరపాటున నేలమీద బయటపడకుండా లేచిపోయిందంటే, ఆ ఏడుగురినీ చంపింది శత్రువు కాదు, ఎనాక్ డౌస్. ఒక పనిని పాడుచెయ్యడానికి తన చేతిపనంతా కావలసి వస్తుందని అతను ఎన్నడూ అనుకోలేదు.

చప్టా పక్కన, చెక్కపెట్టెల పలకలతో వాళ్లు కట్టుకున్న గుడిసెలో పొయ్యి మండుతోంది. పెర్సీ కుందేలు మాంసం, బంగాళాదుంపలు వేసి పెద్ద గిన్నెలో ఉడికించాడు. పాస్కో జట్టు ఏడుగురూ అప్పటికే లోపల ఉన్నారు. మెస్ తలుపు మీద రాత్రి జాబితా అంటించేశారనీ, పేర్లు చూసుకుని నేరుగా ఇక్కడికే వచ్చారనీ పెర్సీ గుమ్మం దగ్గరే చెవిలో చెప్పాడు. చెప్పి, ఎందుకో దానికి జోకు జోడించలేదు.

పాస్కో బల్లమీద కొంచెం జరిగి చోటిచ్చాడు. నిందించినట్టు చూడలేదు. అలా చూసుంటే బాగుండేది. ఎనాక్ కూచున్నాడు. ఎదురుగా వాల్ట్ ఆస్పినాల్ కంచం ముట్టకుండా ఎనాక్ చేతుల వంకే చూస్తున్నాడు. అతనూ మెకానిక్కే, ఇంకో మెకానిక్కు చేతులు ఎప్పుడు ఆలోచిస్తుంటాయో అతనికి తెలుసు. కాసేపటికి చూపు దించుకుని, గరిటె తీసుకుని, పాస్కో కంచంలో ఇంకో రెండు ముక్కలు వేశాడు. పాస్కో తిన్నాడు. చివర్న పెట్టె మీద కూచున్న స్లేటర్ రొట్టె విరిచి పక్కవాడికి అందించాడు. అది చేతులు మారుతూ బల్ల చుట్టూ తిరిగింది.

బయట ట్రాక్టరు ఒకటి బాంబుల బళ్లని లాక్కుంటూ వచ్చింది. వాళ్ల చప్టా దగ్గర ఆగకుండా, క్యూ నిలబడ్డ పదకొండో చప్టా వైపు సాగిపోయింది. గుడిసె పలకలు కాసేపు అదిరాయి. ఎవరూ తలెత్తలేదు. తొమ్మిది మందీ కంచాల మీదికి వంగి, గిన్నె అడుగు కనపడే దాకా తిన్నారు.